ఓడర్ ఒడ్డున హైన్రిట్సి: ఓడిపోయిన యుద్ధంలో ఆ నేర్పు ఎవరికి పనికొచ్చింది?

పాతపటాలు:
గొట్‌హార్డ్ హైన్రిట్సి అనే జర్మన్ జనరల్ గురించి మాట్లాడుకుందాం. 1945 మార్చి 20న విస్తులా ఆర్మీ గ్రూప్ ఈయన చేతికి వచ్చింది. పేరుకే విస్తులా, అసలు ఆ నదిని దాటి రష్యన్లు అప్పటికే ఓడర్ నది దాకా వచ్చేశారు, అక్కడి నుంచి బెర్లిన్ సుమారు 70 కిలోమీటర్లు. అంతకుముందు ఆ పదవిలో ఉన్నది ఎవరంటే హిమ్లర్. నాజీ పార్టీ సాయుధ దళం ఎస్ఎస్‌కి అధిపతి, యుద్ధంలో సైన్యం నడపడం తెలియని మనిషి, జబ్బు చేసిందని హోహెన్‌లిఖెన్ శానటోరియంలో మంచం ఎక్కాడు.

హైన్రిట్సి కింద రెండు సైన్యాలు. దక్షిణాన బుస్సే 9వ సైన్యం, ఉత్తరాన మాంటోయిఫెల్ 3వ పాంజర్ (ట్యాంకు) సైన్యం. ఎదురుగా సోవియట్ మార్షల్ జూకోవ్, ఆయనకు ఉత్తరాన రొకొసొవ్‌స్కీ. దాడి మొదలయ్యే ముందు ఈయన దగ్గరున్న పాంజర్ డివిజన్లలో కొన్నిటిని హిట్లర్ లాక్కుని చెక్ వైపున్న ఇంకో ఆర్మీ గ్రూప్ కమాండర్ షోర్నర్‌కి ఇచ్చేశాడు, రష్యన్ల అసలు గురి ప్రాగ్ మీద అని హిట్లర్ నమ్మకం. ఇంత చేసినా ఏప్రిల్ 16న సీలో గుట్టల దగ్గర జూకోవ్‌ని మూడు నాలుగు రోజులు ఆపగలిగాడు హైన్రిట్సి. సైనిక విద్య పరంగా అది చాలా గొప్ప పని అని నాకు అనిపిస్తుంది. అయితే అలా అనుకోవడం సరేనా? ఆ నాలుగు రోజుల వల్ల ఎవరికి ఏం ఒరిగింది? మీ అభిప్రాయాలు చెప్పండి.

నల్లమల:
మంచి టాపిక్ అన్నా. ముందు ఆ పని ఎలా చేశాడో వివరంగా రాస్తాను, చాలామందికి తెలియదు.

రష్యన్ల పద్ధతి ఏంటంటే, దాడికి ముందు వేల ఫిరంగులతో ముందు వరుస కందకాలను నుజ్జునుజ్జు చేస్తారు, ఆ తర్వాతే పదాతి దళం కదులుతుంది. హైన్రిట్సి 1942 జనవరి నుంచి 4వ సైన్యంతో రక్షణ యుద్ధాలే చేశాడు కాబట్టి ఈ లెక్క ఆయనకు బాగా తెలుసు. ఫిరంగులు మొదలయ్యే ముందు రాత్రి ముందు వరుసలోని మనుషులను చాలామందిని వెనక రెండో వరుసకు లాగేస్తాడు. శత్రువు టన్నుల కొద్దీ గుండ్లు ఖాళీ కందకాల మీద పోస్తాడు. ఆ తర్వాత ముందుకొచ్చిన శత్రువుకి అసలైన వరుస చెక్కుచెదరకుండా ఎదురవుతుంది. చెప్పడం తేలిక. కానీ దాడి ఏ రాత్రి అనేది పట్టుకోవాలి. ఒకరోజు ముందే లాగితే శత్రువుకి తెలిసిపోతుంది, ఒక గంట ఆలస్యమైతే మనుషులు దారిలోనే చస్తారు. ఖైదీల మాటలు, గస్తీల నివేదికలు, విమానాల నుంచి చూసింది అన్నీ కలిపి చూసి ఏప్రిల్ 15 రాత్రి లాగాడు, తెల్లారకముందే దాడి మొదలైంది.

జూకోవ్ 143 సెర్చ్‌లైట్లు పెట్టించాడు, శత్రువు కళ్లు బైర్లు కమ్మాలని. పొగ, దుమ్ము, పొగమంచు మీద ఆ వెలుగు పడి సొంత సైనికులకే దారి కనబడలేదు. గుట్టల కింద ఓడర్ మైదానమంతా బురద, వసంతంలో వచ్చిన నీళ్లకు తోడు జర్మన్ ఇంజనీర్లు పైనుంచి వదిలిన నీళ్లు. జూకోవ్ ఓపిక పట్టలేక గుట్టలు చేతికి రాకముందే రెండు ట్యాంకు సైన్యాలను కూడా దింపేశాడు, ఉన్న నాలుగు రోడ్లూ జామ్ అయిపోయాయి. స్టాలిన్‌కి కోపం వచ్చి 17న ఇంకో మార్షల్ కోనెవ్‌ని దక్షిణం నుంచి బెర్లిన్ వైపు తిరగమన్నాడు. దాదాపు లక్ష మందితో పది లక్షల సైన్యాన్ని ఆపడం అంటే మాటలు కాదు.

టీచరమ్మ_ఖమ్మం:
నల్లమల గారూ, వివరం బాగా రాశారు. కానీ ఎవరి కోసం ఆపాడు అన్నది పాతపటాలు గారి అసలు ప్రశ్న, దానికి మీరు జవాబు చెప్పలేదు.

జర్మన్ చరిత్రకారుడు ఓవర్మన్స్ సైనికుల రికార్డుల నుంచి తీసిన లెక్కల ప్రకారం ఆ యుద్ధంలో చనిపోయిన జర్మన్ సైనికులు సుమారు 53 లక్షలు. అందులో 1945లో చివరి నెలల్లోనే 12 లక్షలు. ఒక్క జనవరిలో నాలుగున్నర లక్షలు. స్టాలిన్‌గ్రాడ్ జరిగిన నెలకన్నా ఇది చాలా ఎక్కువ. ఓడిపోతామని జనరల్స్ అందరికీ తెలిశాక, పోరాటం ఆపకుండా కొనసాగించినందువల్ల వచ్చిన చావులు ఇవి. అవతల వైపు కూడా చూడండి, బెర్లిన్ ఆపరేషన్ మొత్తంలో సోవియట్, పోలిష్ సైనికులు ఎనభై వేల మంది చనిపోయారు, యుద్ధం ఇంకో మూడు వారాల్లో ముగుస్తుందనగా.

ఇంకొకటి. హైన్రిట్సి ఫ్రంట్ వెనక ఏముందో మ్యాప్‌లో చూడండి. ఒరానియెన్‌బుర్గ్ దగ్గర సాక్సెన్‌హౌసెన్ నాజీ నిర్బంధ క్యాంపు. ఫ్యూర్స్టెన్‌బెర్గ్ దగ్గర రావెన్స్‌బ్రూక్, ఆడవాళ్ల క్యాంపు. హిమ్లర్ పడుకున్న శానటోరియం కూడా దానికి దగ్గరే. ఏప్రిల్ 21న సాక్సెన్‌హౌసెన్ నుంచి ముప్పై వేల మందికి పైగా ఖైదీలను బయటికి తీసి వాయవ్య దిక్కుగా నడిపించారు, నడవలేనివాళ్లను దారిలోనే కాల్చారు. రష్యన్లు, పోలిష్ సైనికులు క్యాంపుకి చేరింది మర్నాడు 22న. ఫ్రంట్ ఒక రోజు ఎక్కువ నిలబడితే ఆ ఖైదీలకు ఒక రోజు ఎక్కువ నరకం. ఈ లెక్క సైనిక విద్య పుస్తకాల్లో ఉండదు.

నల్లమల:
> ఎవరి కోసం ఆపాడు

అక్కా, శరణార్థుల కోసం అన్నది ఒక జవాబు. తూర్పు ప్రష్యా, పొమెరేనియా, సైలీసియా నుంచి లక్షల మంది బండ్ల మీద, కాలినడకన మంచులో పడమరకు వస్తున్నారు. రెడ్ ఆర్మీ దారిలో ఆడవాళ్లకు ఏం జరిగిందో అందరికీ తెలుసు. విల్‌హెల్మ్ గుస్ట్లాఫ్ ఓడ జనవరి 30న మునిగితే తొమ్మిది వేల మంది దాకా పోయారు, ఎక్కువ మంది శరణార్థులే. అలాంటప్పుడు ఒక జనరల్‌గా ఆ రోడ్లు తెరిచి ఉంచాలనుకోవడం తప్పా? పైగా అమెరికన్లు ఏప్రిల్ 11 సాయంత్రానికి పడమటి నుంచి ఎల్బే నది దగ్గరికి వచ్చేశారు. వెనక నుంచి అమెరికన్ ట్యాంకులు వచ్చేదాకా ఓడర్ మీద నిలబడితే చాలు, మన పని అయిపోయినట్టే అనే అర్థంలో బుస్సే అన్నాడని చెబుతారు. అమెరికన్ల సైన్యాధిపతి ఐసెన్‌హోవర్ ఎల్బే దగ్గరే ఆగిపోతాడని కింద ఉన్నవాళ్లకు ఎలా తెలుస్తుంది.

గోదారిగట్టు:
శరణార్థుల వాదన నేను పూర్తిగా ఒప్పుకోను తమ్ముడూ. జనాన్ని ముందే ఖాళీ చేయించి ఉంటే సగం ప్రాణాలు దక్కేవి. తూర్పు ప్రష్యాలో గౌలైటర్ (ఆ ప్రాంత నాజీ పార్టీ అధిపతి) ఎరిక్ కోఖ్ జనం కదలడానికే వీల్లేదన్నాడు, ఊరు వదిలి వెళ్లడమంటే పిరికితనం, ద్రోహం అన్నాడు. చివరికి తాను మాత్రం పారిపోయాడు. సైన్యం దగ్గర లారీలు, రైళ్లు ఉన్నాయి, జనరల్స్ చాలామంది ఆ నిషేధాన్ని చూస్తూ ఊరుకున్నారు.

పడమర దారి నిజంగా తెరవడానికి పూనుకున్నవాడు ఒకడున్నాడు, జనరల్ హోస్‌బాఖ్. 1945 జనవరిలో తూర్పు ప్రష్యాలో తన 4వ సైన్యాన్ని హిట్లర్‌కి చెప్పకుండా పడమరకు తిప్పాడు, విస్తులా వైపు చీల్చుకుని పోదామని. పై అధికారి రైన్‌హార్ట్‌కి తెలుసు, ఒప్పుకున్నాడు. రైన్‌హార్ట్‌ని జనవరి 26న తీసేశారు, హోస్‌బాఖ్‌ని 30న. ఆ సైన్యం సముద్రం ఒడ్డున చిక్కుకుని అక్కడే నాశనమైంది. కుర్లాండ్ సంగతి అందరికీ తెలిసిందే, అక్టోబర్ 1944 నుంచి మే 1945 దాకా రెండు లక్షల మంది లాత్వియా మూలన అలా ఉండిపోయారు. సైన్యం జనరల్ స్టాఫ్ అధిపతి గుడేరియన్ వాళ్లను తెప్పించమని హిట్లర్‌తో గొడవలు పడ్డాడు, కొన్ని డివిజన్లు తప్ప మిగతావాళ్లు రాలేదు. శరణార్థుల దారి కాపాడటమే ఉద్దేశమైతే సైన్యాన్ని ఇలా ఎక్కడికక్కడ పాతేస్తారా?

కొత్తగా_చేరా:
సీనియర్స్‌కి నమస్తే. చిన్న ప్రశ్న. అందరికీ తెలుసు ఓడిపోయామని, మరి లొంగిపోతే సరిపోయేది కదా? ఎందుకు లొంగిపోలేదు? ఒకళ్లు కూడా ట్రై చేయలేదా?

పాతపటాలు:
మంచి ప్రశ్న. కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. 1934 ఆగస్టు నుంచి సైనికులు ప్రమాణం చేసింది దేశానికి కాదు, హిట్లర్‌కి పేరు పెట్టి. 1944 జూలై 20న కొందరు అధికారులు హిట్లర్‌ని చంపడానికి బాంబు పెట్టి విఫలమయ్యాక అనుమానం ఉన్న అధికారులను ఉరి తీశారు, కుటుంబాలను జైల్లో పెట్టారు. ఫ్రంట్ వెనక తిరిగే కోర్టులు అక్కడికక్కడే శిక్ష వేసి చెట్లకు వేలాడదీసేవి. ఆ యుద్ధంలో జర్మన్ సైనిక కోర్టులు చంపించిన సొంత సైనికులు కనీసం పదిహేను వేల మంది. ఇది భయం వైపు. రెండోది డబ్బు, దీని గురించి తక్కువగా మాట్లాడతారు. పెద్ద జనరల్స్‌కి జీతం కాక నెలనెలా రహస్యంగా పన్ను లేని సొమ్ము వెళ్లేది. లేబ్, కైటెల్, క్లూగ్ లాంటి ఫీల్డ్ మార్షల్స్‌కి రెండున్నర లక్షల మార్కుల చొప్పున బహుమతులు అందాయి, గుడేరియన్‌కి పోలండ్‌లో జమీందారీ ఎస్టేట్ ఇచ్చారు. మూడోది, తూర్పున తమ చేతుల మీదుగా ఏం జరిగిందో వాళ్లకు తెలుసు, లొంగిపోతే జవాబు చెప్పుకోవాలి.

ఇక ట్రై చేసినవాళ్లు. తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో కమాండర్ లాష్ ఏప్రిల్ 9న నగరాన్ని అప్పగించాడు. హిట్లర్ ఆయన లేకుండానే ఆయనకు మరణశిక్ష వేశాడు, కుటుంబాన్ని అరెస్ట్ చేయించాడు. అప్పటికే నగరం సగం బూడిద, లాష్ కూడా చివరి గంట దాకా ఆగాడు.

మాజీ_హవల్దార్:
నేను సైన్యంలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి కాబట్టి ఒక మాట. శత్రువు అంటుకుని ఉండగా రాత్రిపూట వెనక్కి రావడం కన్నా కష్టమైన పని సైన్యంలో ఇంకోటి లేదు. ముందుకు పరిగెత్తడం ఎవరైనా చేస్తారు. వెనక్కి వచ్చేటప్పుడు ఒక్క కంపెనీ బెదిరితే మొత్తం వరుస చెల్లాచెదురవుతుంది. అందుకే హైన్రిట్సి పనితనం నాకు అర్థమవుతుంది. కానీ అదే మనిషి 9వ సైన్యాన్ని కాపాడలేకపోయాడు, దాని గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను.

సీలో విరిగాక బుస్సే సైన్యం ఓడర్ మీద అలాగే వేలాడుతోంది. వెనక్కి రమ్మని హైన్రిట్సి మొత్తుకున్నాడు, హిట్లర్ వద్దన్నాడు, బుస్సే హిట్లర్ మాట విన్నాడు. కదిలేసరికి ఉత్తరాన జూకోవ్, దక్షిణాన కోనెవ్ కలిసిపోయారు. బెర్లిన్‌కి ఆగ్నేయంగా హాల్బే అనే ఊరి చుట్టూ ఉన్న అడవుల్లో ఆ సైన్యం ఇరుక్కుంది, వాళ్లతో పాటు వేల మంది మామూలు జనం. పైన్ చెట్ల కొమ్మలకు తగిలి గుండ్లు పైనే పేలేవి, ముక్కలన్నీ కింద ఉన్నవాళ్ల మీద వాన కురిసినట్టు పడేవి, ఇసుక నేలలో దాక్కోవడానికి తగిన గుంట తవ్వే టైమ్ లేదు. గాయపడ్డవాళ్లను వదిలేసి వెళ్లారు. ఏప్రిల్ 24 నుంచి మే 1 దాకా ఇదే. పడమటి నుంచి వెంక్ 12వ సైన్యం బెలిట్స్ దగ్గర దారి పట్టుకుని కూర్చుంటే పాతిక వేల మందో కొంచెం ఎక్కువో సైనికులు బయటపడ్డారు, కొన్ని వేల మంది పౌరులు కూడా. హాల్బే స్మశానంలో ఈ రోజుకీ ఇరవై వేలకు పైగా సమాధులు ఉన్నాయి, చాలా వాటి మీద పేర్లే లేవు.

బెర్లిన్‌ని విడిపించమని వెంక్‌కి ఆర్డర్. ఆయన బెర్లిన్ చేరలేనని తెలుసుకుని బుస్సే మనుషులనూ, జనాన్నీ తీసుకుని టాంగెర్‌మ్యూండె దగ్గర ఎల్బే దాటించి అమెరికన్లకు అప్పగించాడు. నా దృష్టిలో ఆ నెలలో పనికొచ్చే పని చేసిన కమాండర్ ఈయనే.

నల్లమల:
హవల్దార్ గారూ, వెంక్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. షోర్నర్‌ని కూడా పక్కన పెట్టి చూడండి. హైన్రిట్సికి దక్షిణాన పక్క ఆర్మీ గ్రూప్ ఆయనదే. వెనక్కి వచ్చిన సైనికులను, రోడ్డు మీద కాగితాలు లేకుండా దొరికినవాళ్లను ఉరి తీయించాడు, ఏప్రిల్ 5న ఫీల్డ్ మార్షల్ అయ్యాడు, హిట్లర్ వీలునామాలో ఆర్మీ ప్రధానాధిపతి కూడా ఆయనే. మే 8న తన సైన్యాన్ని చెక్‌లో వదిలేసి మామూలు బట్టలు వేసుకుని చిన్న విమానంలో ఆస్ట్రియాకి వెళ్లిపోయాడు! లక్షల మంది రష్యన్లకు ఖైదీలయ్యారు. రష్యన్ జైలు నుంచి తిరిగొచ్చాక 1957లో పశ్చిమ జర్మనీ కోర్టు సొంత సైనికులను చంపించినందుకు నాలుగున్నరేళ్లు వేసింది. ఇలాంటివాడి పక్కన హైన్రిట్సి ఎంత మనిషో తెలుస్తుంది.

టీచరమ్మ_ఖమ్మం:
షోర్నర్ పక్కన ఎవరిని నిలబెట్టినా మంచివాళ్లుగానే కనిపిస్తారు. ఆ కొలత వద్దు. హైన్రిట్సి సొంత రాతలే ఉన్నాయి కదా.

ఆయన పాస్టర్ కొడుకు, ఆదివారం చర్చి మానని మనిషి, భార్య సగం యూదు వంశం, హిట్లర్ సంతకంతో ప్రత్యేక పత్రం వచ్చింది కాబట్టి కుటుంబానికి ఇబ్బంది కాలేదు. ఇవన్నీ చెప్పి ఆయన నాజీ కాదంటారు. 1941లో రష్యా నుంచి రాసిన ఉత్తరాలు, డైరీ తర్వాత అచ్చయ్యాయి. అందులో నవంబర్‌లో ఒక చోట, పార్టిజాన్లను (గెరిల్లాలను) వేటాడే తన దుబాసీకి ఒక మాట చెప్పానని రాసుకున్నాడు: నా కిటికీకి వంద మీటర్ల లోపల ఎవరినీ ఉరి తీయొద్దు, పొద్దున్నే చూడ్డానికి బాగుండదు అని. ఉరి ఆపమనలేదు. దూరంగా తీయమన్నాడు.

1945 ఏప్రిల్‌లో ఆ మనిషి అన్యాయం చూసి తట్టుకోలేక, హిట్లర్ సైనిక ప్రధాన కార్యాలయం అధిపతి కైటెల్‌కి ఎదురు తిరిగాడని మనం చదివినప్పుడు ఈ మాట కూడా పక్కన పెట్టుకుని చదవాలి. తన సైనికుల మీద ఆయనకు ప్రేమ ఉంది, అది నిజమే. ఆ ప్రేమ జర్మన్ యూనిఫాం దగ్గరే ఆగిపోయింది.

గోదారిగట్టు:
వంద మీటర్ల విషయం చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు అక్కా.

ఇంతకాలం ఇది మనకు ఎందుకు తెలియలేదో కూడా చెప్పుకోవాలి. యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం చరిత్ర విభాగంలో, సైన్యం జనరల్ స్టాఫ్ మాజీ అధిపతి హాల్డర్ ఆధ్వర్యంలో, ఖైదీలుగా ఉన్న జర్మన్ జనరల్స్ చేత వాళ్ల యుద్ధాల గురించి వాళ్లే నివేదికలు రాయించారు. రష్యన్లతో ఎలా పోరాడాలో అమెరికన్లకు కావాలి, వీళ్లకు మంచి పేరు కావాలి. తప్పులన్నీ హిట్లర్‌వి, నేరాలన్నీ ఎస్ఎస్‌వి, సైన్యం మాత్రం చేతులకు మట్టి అంటకుండా వృత్తి ధర్మం పాటించింది, ఇదీ కథ. 1950లో హిమ్మెరోడ్ మఠంలో కూర్చుని కొత్త జర్మన్ సైన్యానికి షరతులు రాసిన మాజీ అధికారులు, జర్మన్ సైనికుల మీద నిందలు ఆపాలని కూడా అందులో అడిగారు. 1995లో హాంబర్గ్‌లో సైన్యం నేరాల మీద ఫొటో ప్రదర్శన మొదలుపెడితే జర్మనీలో ఎంత గొడవ జరిగిందో, వీధుల్లో ఊరేగింపులు కూడా. యాభై ఏళ్ల తర్వాత! "రక్షణ యుద్ధ నిపుణుడు" అనే బిరుదులన్నీ ఆ నివేదికల కాలం నుంచి వచ్చినవే, మనం వాటిని ఎత్తుకుని యూట్యూబ్ వీడియోల్లో తిప్పుతున్నాం.

కొత్తగా_చేరా:
కైటెల్‌కి ఎదురు తిరిగాడన్నారు, అదేంటి?

పాతపటాలు:
ఏప్రిల్ 28న. రొకొసొవ్‌స్కీ ఓడర్ దాటి 3వ పాంజర్ సైన్యాన్ని విరిచేశాడు, మాంటోయిఫెల్ మనుషులు పడమరకు నడుస్తున్నారు. బెర్లిన్ లోపల హిట్లర్ ఇంకా విడిపించడానికి సైన్యం వస్తుందని ఎదురుచూస్తున్నాడు. కైటెల్ రోడ్డు మీద ఈ తిరోగమనం కళ్లారా చూసి మండిపడి హైన్రిట్సినీ, మాంటోయిఫెల్‌నీ పిలిపించి నిలదీశాడు. ద్రోహం అన్నాడు, పారిపోయేవాళ్లను కాల్చి నిలబెట్టొచ్చు కదా అన్నాడు. ఇద్దరూ కుదరదన్నారు. ఆ మర్నాటికల్లా హైన్రిట్సిని తీసేశారు, ఆయన స్థానంలో తాత్కాలికంగా టిపెల్‌స్కిర్ఖ్.

టిపెల్‌స్కిర్ఖ్ మే 2న లూడ్విగ్స్‌లుస్ట్ కోటలో అమెరికా 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కి దాదాపు లక్షన్నర మందితో లొంగిపోయాడు. టీచరమ్మ గారు చెప్పిన మ్యాప్ విషయం ఇక్కడ మళ్లీ వస్తుంది. అదే రోజు, ఆ ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, అమెరికన్లకు వోబెలిన్ క్యాంపు కనబడింది. తూర్పు క్యాంపుల నుంచి తోలుకొచ్చిన ఐదు వేల మంది దాకా ఖైదీలు, అందులో వెయ్యి మంది ఆకలితో చచ్చి పడి ఉన్నారు. ఊరి జనం చేత ఆ కోట ముందే గోతులు తవ్వించి 200 మందిని పూడ్పించారు, పట్టుబడ్డ జర్మన్ అధికారులను తీసుకొచ్చి చూడమన్నారు.

మాజీ_హవల్దార్:
కొత్తగా చేరిన బాబు అడిగినదానికి ఇంకొకటి చేరుస్తాను. ఇటలీలో ఫీటింగ్‌హోఫ్ మొత్తం ఆర్మీ గ్రూప్‌నే లొంగదీశాడు. ఏప్రిల్ 29న కసెర్టాలో సంతకాలు, మే 2 నుంచి అమలు. ఎస్ఎస్ జనరల్ వోల్ఫ్ స్విట్జర్లాండ్‌లో అమెరికన్లతో నెలల తరబడి రహస్యంగా మాట్లాడుతూ వచ్చాడు, వోల్ఫ్ చేసింది తన మెడ కాపాడుకోవడానికే, అది వేరే సంగతి. మధ్యలో పై అధికారి కెసెల్‌రింగ్ అడ్డుపడి ఫీటింగ్‌హోఫ్‌ని తీసేశాడు, అయినా పని జరిగింది. ఇటలీ యుద్ధంలో మన 4, 8, 10 ఇండియన్ డివిజన్లు పోరాడాయి, కాసినో కొండల్లో దారులు వేసిన ఇంజనీర్లలో మద్రాస్ శాపర్స్ ఉన్నారు, ఆ రెజిమెంట్‌లో తెలుగువాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. జనరల్ లొంగిపోతే ఒక వారం ముందు ప్రాణం దక్కేది ఇలాంటివాళ్లకు కూడా. అటువైపు మనవాళ్లు ఉన్నారని అనుకుని చూస్తే సీలో గుట్టల రక్షణ అంత అందంగా కనిపించదు.

నల్లమల:
సరే, నా వాదన కొంచెం తగ్గించి చెబుతాను. హైన్రిట్సి ఏప్రిల్ 28న చేసినది ఏప్రిల్ 16న చేసి ఉండాల్సింది. అంతవరకు ఒప్పుకుంటాను. ఓడర్ వదిలి మొత్తం సైన్యాన్ని ఎల్బే వైపు తీసుకెళ్లి ఉంటే హాల్బే జరిగేది కాదు, బెర్లిన్ వీధుల్లో పోరాటం కూడా అంత ఉండేది కాదు. కానీ 15న ఆయన అలా చేస్తే సాయంత్రానికి ఆయన్ను కాల్చేసి ఇంకొకణ్ణి పెట్టేవాళ్లు. బుస్సే కింద కోర్ కమాండర్ వైడ్లింగ్‌కి అదే కదా జరగబోయింది, వెనక్కి తగ్గాడని 22న చంపమని ఆర్డర్, మర్నాడు వెళ్లి వివరణ ఇచ్చుకుంటే బెర్లిన్ రక్షణ మొత్తం ఆయన నెత్తిన పెట్టారు.

టీచరమ్మ_ఖమ్మం:
కాల్చేసి ఉండొచ్చు. ఆయన తన సైనికులను రోజుకి కొన్ని వేల మందిని అదే ప్రమాదంలోకి పంపుతున్నాడు కదా నల్లమల గారూ. వాళ్లలో హిట్లర్ యూత్ నుంచి తెచ్చిన పిల్లలు ఉన్నారు. వాళ్లు పెట్టాల్సిన ప్రాణం జనరల్ పెట్టకూడదా?

పాతపటాలు:
ఈ ప్రశ్నకు హైన్రిట్సి ఎక్కడా జవాబు రాసినట్టు నాకు కనబడలేదు, తర్వాత పాతికేళ్లు బతికి కూడా. 1948 దాకా బ్రిటిష్ ఖైదులో ఉన్నాడు, విచారణ ఏమీ జరగలేదు, 1971లో పోయాడు. వైడ్లింగ్ మే 2న బెర్లిన్ అప్పగించి 1955లో రష్యన్ జైల్లో చనిపోయాడు. జర్మనీ పడమట రూర్ ప్రాంతంలో ఫీల్డ్ మార్షల్ మోడెల్ లొంగిపోవడం ఇష్టం లేక తన ఆర్మీ గ్రూప్‌నే రద్దు చేసి ఏప్రిల్ 21న అడవిలో కాల్చుకున్నాడు, ఆయన కింద మూడు లక్షల మందికి పైగా ఖైదీలయ్యారు. మోడెల్ గురించి రాయడానికి చాలా ఉంది, రేపు దానికి వేరే చర్చ తెరుస్తాను, హవల్దార్ గారూ ఇటలీ లొంగుబాటు మీద మీరు ఒకటి మొదలుపెట్టండి.